బోల్టుల మామయ్య అలిగిన రోజు

మా మామయ్య వంశీధర్‌రావు గారు ఏ ఇంటికి వెళ్ళినా ముందు మనుషుల ముఖాలు చూడరు, పైకప్పు చూస్తారు. రేకుల కప్పు అయితే దూలాలు, దూలాలుంటే అవి కలిసే చోటు, ఆ చోట బిగించిన బోల్టులు. అవి నచ్చితే అప్పుడు చూపు కిందికి దించి "బాగున్నరా?" అని అడుగుతారు. నచ్చకపోతే అడగరు. అలాంటి కప్పు కింద ఉండేవాళ్ళు ఎన్నాళ్ళు బాగుంటారో ఆయనకు అనుమానం.

ఇన్నేళ్ళ అలవాటుకు ఆయన మెడ కాస్త వెనక్కి వాలే ఉంటుంది. కొత్తవాళ్ళు గర్వం అనుకుంటారు. ఫొటోగ్రాఫర్లు "సార్, జర కిందికి సూడుండ్రి" అని బతిమాలి బతిమాలి వదిలేస్తారు. మా పెళ్లి ఆల్బమ్‌లో ప్రతి ఫొటోలోనూ ఆయన పైనుంచి ఎవరో పిలిచినట్టే నిలబడి ఉంటారు. మా అత్తయ్య సరళాదేవి గారికి అయితే ఇది పాత గాయం. "జీలకర్ర బెల్లం పెట్టి అడ్డుతెర తీసిన్రు విద్యాధర్. అందరు పెండ్లికొడుకులు పెండ్లిపిల్ల ముఖం చూస్తరు. ఈయన నా నెత్తి మీదికెళ్ళి పందిరి ముడి చూసిండు" అని ఇప్పటికీ నాతో చెబుతుంటారు.

ఆయనతో నా పరిచయం లక్సెట్టిపేటలో, వాళ్ళింట్లో, పెళ్లిచూపుల నాడు మొదలైంది. నేను కరీంనగర్‌లో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. మా నాన్న, నేను కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నాం. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి అడిగారు.

"క్లాసులు స్లాబు కిందనా, రేకుల కిందనా?"

"ఒకటి రేకుల షెడ్డుల అయితదండి."

"బోల్టులు ఏ గ్రేడు?"

నేను మా నాన్న వైపు చూశాను. మా నాన్న మిక్చర్ ప్లేటు వైపు చూశాడు.

"నేను తెలుగు లెక్చరర్నండి."

"తెలుగైనా కప్పు కిందనే చెప్తవు గద?"

లోపలి గదిలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆయన కూతురు ఆమనిది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని నాకు అప్పుడే అనిపించింది. మర్నాడు కాలేజీలో బెంచీ మీద బెంచీ వేయించి, పైకెక్కి, బోల్టు తల మీద బూజు తుడిచి చూశాను. కింద పిల్లలు నవ్వుతున్నారు. నేను ఏదీ పట్టించుకోకుండా లక్సెట్టిపేటకు ఫోన్ చేశాను.

"ఎనిమిది పాయింట్ ఎనిమిది అని రాసి ఉన్నదండి."

"శభాష్. గట్టి బోల్టే. పిల్ల నీదే" అన్నారు మామయ్య. కట్నకానుకల మాట, జాతకాల మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆయన ఊరికే ఇలా తయారు కాలేదు. ఇంజనీరుగా మంచిర్యాల నుంచి ఆదిలాబాద్ దాకా పత్తి మిల్లులకు, రైస్ మిల్లులకు ఇనుప షెడ్లు నిలబెట్టిన మనిషి. పత్తి ఉన్నచోట నిప్పు భయం ఎప్పుడూ ఉండేదే. ఎక్కడ మిల్లు కాలినా, మిగిలిన షెడ్డు పనికొస్తుందో లేదో చెప్పడానికి ఈయన్నే పిలిచేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆసిఫాబాద్ దగ్గర ఒక జిన్నింగ్ మిల్లుకు వెళ్ళారట. మంటలు ఆరిపోయాయి. షెడ్డు మసిబారింది గానీ నిటారుగా నిలబడే ఉంది. యజమాని దేవుడి దయ అనుకుని కొబ్బరికాయ కొట్టి, పనివాళ్ళందరినీ చాయ్ తాగి రమ్మన్నాడు. అంతలో 'ఫట్' మని చప్పుడైంది.

"రెండో కాయ ఎవరు కొట్టిన్రు?" అని అడిగాడట యజమాని.

ఎవరూ కొట్టలేదు. అది బోల్టు తెగిన చప్పుడు. ఇంకొకటి తెగింది, ఆపైన ఒక దూలం దూలమే కిందికొచ్చింది. పనివాళ్ళు చాయ్ దగ్గర ఉన్నారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి మా మామయ్యకు మంట అంటే భయం పోయి, మంట ఆరిపోవడమంటే భయం పట్టుకుంది.

పెళ్లయిన కొత్తలో నాకు ఇదంతా కూర్చోబెట్టి చెప్పారు. అల్లుడికి బట్టలు పెట్టే పూట అది.

"చూడు అల్లుడా. మంటల దూలం పొడుగైతది. రెండు దిక్కుల నెట్టుతది. అప్పుడు ఫైరింజను ఉంటది, పోలీసులుంటరు, ఎవ్వడు లోపలికి పోడు. అసలు కత సల్లారేటప్పుడు. సాగిన దూలం మళ్ళ పొట్టిగైతది. పొట్టిగైతూ రెండు కొసలు గుంజుతది. ఆ గుంజుడు ఎవరి మీద పడ్తది?"

"బోల్టు మీద" అన్నాను. ఆ ఇంట్లో ఏ ప్రశ్నకైనా అదే జవాబని అప్పటికే తెలిసిపోయింది.

"ఆ బోల్టు గప్పటికే మెత్తబడి ఉంటది. ఆరు వందల డిగ్రీల కాడ దూలానికి సగం బలం మిగుల్తది. బోల్టుకు పావు వంతు కూడ మిగలది."

"సల్లారినంక బలం తిరిగొస్తది గద మామయ్యా?"

"దూలానికి చాలావరకు వస్తది. గట్టి బోల్టుకు రాదు. దాన్ని కొలిమిల కాల్చి, నూనెల ముంచి, మళ్ళ జర కాల్చి ఆ బలం పట్టిస్తరు. మంట వచ్చి ఆ కష్టమంత ఉత్తదే చేస్తది. పైకి చూస్తె మాత్రం కొత్తదాని లెక్కనే ఉంటది. గది దాని మోసం."

అత్తయ్య కొత్త బట్టల పళ్ళెం పట్టుకుని అంతసేపూ నిలబడే ఉన్నారు. "మీ బోల్టు సల్లారితె పిల్లగానికి ధోతి ఇస్త" అన్నారు.

ఈ శాస్త్రాన్నే ఆయన సంసారంలో కూడా నడిపారు. అత్తయ్య గట్టిగా అరుస్తున్నంతసేపు ఆయన పేపరు చదువుకునేవారు. అరుపులు ఆగి ఇల్లు నిశ్శబ్దంగా అయిందంటే మాత్రం చెప్పులు వేసుకునేవారు. "ఎక్కడికి మామయ్యా?" అంటే, "మీ అత్తమ్మ సల్లారుతుంది. ఇగ ఈడ ఉండొద్దు" అని చెప్పి బస్టాండుకు నడిచేవారు. బస్టాండు కప్పు అప్పటికే చూసి పెట్టుకున్నది కాబట్టి అక్కడ భయం లేదు.

పెట్రోలు బంకులో ముందు బండి దిగి, పైన కప్పు చూసి, అప్పుడు బండి కప్పు కిందికి తోసేవారు. వెనక లైను హారన్లు కొడుతూ ఉండేది. ఒకసారి మేమంతా సినిమాకు వెళ్ళాం. మూడు గంటలూ తల ఎత్తే కూర్చున్నారు. బయటికొచ్చాక ఆమని "ఎట్లున్నది బాపూ?" అని అడిగింది. "రెండు బోల్టులు తక్కువున్నయ్" అన్నారు. గృహప్రవేశాలకు అందరూ గడియారాలు, దేవుడి పటాలు ఇస్తారు. ఈయన బంగారు రంగు కాగితంలో చుట్టిన పెట్టె ఇచ్చేవారు. లోపల నట్లతో సహా కొత్త బోల్టులు ఉండేవి. "కోళ్ళ షెడ్డు ఏసుకున్నప్పుడు పనికొస్తయ్" అని ఆశీర్వదించేవారు. మా బంధువుల్లో కోళ్ళు పెంచేవాళ్ళు ఎవరూ లేరు.

ఇలాంటి మనిషిని పెళ్ళిళ్ళకు తీసుకెళ్ళడం ఎంత ఇబ్బందో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు పెళ్ళిళ్ళన్నీ ఫంక్షన్ హాళ్ళలోనే, ఫంక్షన్ హాళ్ళన్నీ రేకుల కిందే. విందు మధ్యలో లేచి "ఈ దూలం కింద కూసున్నోళ్ళు జర జరుగుండ్రి" అనేవారు. ఆయన అన్నారంటే నలుగురు నవ్వినా ఇద్దరు జరిగేవారు. ఆ ఇద్దరు ఊరికెళ్ళి ఇంకో పదిమందికి చెప్పేవారు. హాలు పేరు చెడడానికి ఆ మాత్రం చాలు.

అందుకే మూడేళ్ళ కిందట మామయ్య తమ్ముడి కొడుకు ప్రణయ్ పెళ్లి గంగయ్య హాల్లో అని తెలిసినప్పుడు ఆమనీ నేనూ ఇంకేముంది అనుకున్నాం.

గంగయ్యది ఖానాపూర్ దగ్గర పల్లె. వయసంతా మస్కట్‌లో క్రేన్ల కింద గడిపి, ఆ సంపాదనకు ఉన్న భూమి అమ్మిన డబ్బు కలిపి రోడ్డు పక్కన ఫంక్షన్ హాలు కట్టుకున్నాడు. బాగానే నడుస్తుండగా ఒకరోజు వెనక పేర్చిన స్పాంజి కుర్చీలు, డెకరేషన్ గుడ్డలు అంటుకుని హాలు కాలింది. ఆ పూట లోపల ఎవరూ లేరు. గంగయ్య అప్పోసప్పో చేసి పైన కొత్త రేకులు వేయించాడు, గోడలకు రంగులు కొట్టించాడు. కానీ కాలిన హాలు శుభం కాదని జనం రాలేదు. రాసుకున్న బుకింగులు కూడా రద్దయ్యాయి. పెళ్లికూతురు తండ్రి సీతారాంరావు గారు గంగయ్యను చిన్నప్పటి నుంచి ఎరిగినవారు కాబట్టి, ధైర్యం చేసి తన బిడ్డ పెళ్లి అక్కడే పెట్టారు. హాలు బాగుచేశాక అదే మొదటి పెళ్లి. అది సవ్యంగా జరిగితే గంగయ్య మళ్ళీ నిలబడతాడు. జరక్కపోతే ఆయన మస్కట్ కష్టమంతా మసే.

ఆమని వెంటనే లక్సెట్టిపేట వెళ్ళి తండ్రి ముందు కూర్చుంది.

"బాపూ, నీ కాళ్ళు మొక్కుత. ఆ పెండ్లిల నీ నోట్లెకెళ్ళి 'బోల్టు' అన్న మాట రావద్దు."

"రాదు బిడ్డా."

"నట్టు కూడ."

ఆయన కాస్త ఆలోచించారు. "మర అనొచ్చునా?"

"ఏది అనొద్దు! పాపం గంగయ్య బతుకు దాని మీదున్నది."

"మాటిస్తున్న. పో" అన్నారు.

పెళ్లి రోజు పొద్దున్నే మేం ఖానాపూర్ చేరాం. మధ్యాహ్నం ముహూర్తం. "ఏర్పాట్లు ఎట్లున్నయో చూసొస్త" అని మామయ్య మా అందరికన్నా ముందే హాలు వైపు వెళ్ళారు. ఆమని నా వైపు చూసింది. నేను వెనకే వెళ్ళబోతే ఎవరో పిలిచి పూలదండల బుట్ట చేతిలో పెట్టారు. తిరిగి చూసేసరికి మామయ్య కనిపించలేదు, గంగయ్య కూడా కనిపించలేదు.

ఎదురుకోళ్ళు మొదలయ్యాయి. ఇటు మగపెళ్లివాళ్ళం బ్యాండుతో వచ్చి గేటు దగ్గర నిలబడ్డాం. అటు సీతారాంరావు గారు, ఆడపెళ్లివాళ్ళు పన్నీరు బుడ్లతో, షర్బతు గ్లాసులతో ఎదురొచ్చారు. వరుసకు పెద్దవారు కాబట్టి మొదటి గ్లాసు మామయ్యకు ఇవ్వాలి. ఆయన ఎక్కడినుంచి వచ్చారో వచ్చి, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి చంకన పెట్టుకుని, హాలు తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నారు. మూతి ముందుకు పెట్టారు.

"బావగారూ, షర్బతు" అంటూ సీతారాంరావు గారు తలుపు దగ్గరికే వచ్చారు.

"నాకొద్దు. నేను లోపలికి రాను. మావోళ్ళెవ్వరు రారు."

బ్యాండు ఆగిపోయింది.

"ఏమైంది బావగారూ?"

"నాకు మర్యాద జరగలే."

"ఏం తక్కువైందో జర చెప్పుండ్రి, ఇప్పుడే చేస్తం."

"చెప్పి చేయించుకునేది మర్యాద ఎట్లయితది?"

జన్మలో ఎన్నడూ ఎవరి మీదా అలగని మనిషి. తన పెళ్లిలో అల్లుడి అలక కూడా అలగలేదని అత్తయ్య చెబుతారు. అలాంటాయన ఈ వయసులో, తమ్ముడి కొడుకు పెళ్లిలో, గుమ్మానికి అడ్డంగా కూర్చుని అలిగారు. సీతారాంరావు గారు గ్లాసు పట్టుకుని ఆయన చుట్టూ తిరుగుతున్నారు. పెళ్లికూతురి తల్లి కళ్ళు తుడుచుకుంటోంది. పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు. నా భార్య ముఖం చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

చాలాసేపు బతిమాలించుకుని చివరికి మామయ్య గొంతు సవరించుకున్నారు. "మా వంశంల పెండ్లంటె పచ్చని పందిట్ల అయితది. గీ రేకుల కింద తలంబ్రాలు పోసుడు మాకు రివాజు లేదు. బయట జాగల పందిరి వేస్తె చేస్తం. లేకుంటె లేదు."

ఆమనికి ఒళ్ళు మండింది. "నా పెండ్లి రేకుల కిందనే చేసినవ్ గద బాపూ!"

"గప్పుడు నాకు బుద్ధి లేకుండె" అన్నారు.

"ఇప్పుడు ఉన్నదా?" అని అత్తయ్య అడిగారు. దానికి ఆయన మూతి ఇంకాస్త ముందుకు పెట్టారు.

అంతమందిలోనూ గంగయ్య ఒక్కడే కోప్పడలేదు. కోప్పడకపోగా, కొడవలి తీసుకుని ముందు తనే బయల్దేరాడు. "పెద్దమనిషి కోరిక. ఎంత సేపు పని? పట్టుండ్రి" అన్నాడు. ఎంత అణకువగల మనిషి అనుకుని నాకు జాలేసింది. ఇక చూడండి, పెళ్లికొచ్చిన మగవాళ్ళంతా షర్టు చేతులు మడిచారు. ట్రాక్టరు పోయి వెదురు బొంగులు తెచ్చింది. నేరేడు కొమ్మలు, మామిడి కొమ్మలు, టేకాకులు కుప్పలుగా వచ్చి పడ్డాయి. ఆ ఊళ్ళలో సగం మంది దుబాయిలోనో మస్కట్‌లోనో ఎత్తు మేడలకు మేస్త్రీలు నిలబడే సారువ కట్టి వచ్చినవాళ్ళే. వాళ్ళు బొంగులు నిలబెట్టి ముడులు వేస్తుంటే చూడాలి. అరబ్బు దేశం చూసిన చేతులు కదా, చకచకా కట్టేశారు. ముహూర్తానికి ముందే హాలుకు దూరంగా, ఖాళీ జాగలో, ఊరంత పచ్చటి పందిరి లేచింది.

ఆ పెళ్లి నేను మర్చిపోలేను. ఏసీ లేదు, ఎల్ఈడీ తెర లేదు. ఆకుల సందుల్లోంచి ఎండ ముక్కలు పడి పెళ్లికూతురి చీర మీద ఆడుతున్నాయి. పచ్చి నేరేడాకు వాసన. మైకు పెట్టే చోటు లేక, ముసలమ్మలు ఎప్పుడో మానేసిన పెండ్లిపాటలు గొంతెత్తి పాడారు. ఒకామెకు సగం వరకే గుర్తుంటే మిగతా సగం ఇంకొకామె అందుకుంది. కింద వరుసలుగా కూర్చుని అన్నం తిన్నాం. మా నాన్న తన పెళ్లి జ్ఞాపకం వచ్చిందని, పక్కనున్న ప్రతివాడికీ అదంతా మొదట్నుంచి చెప్పాడు. నాకు చిన్నప్పటి పెళ్ళిళ్ళు గుర్తొచ్చి, ఇదంతా మనం ఎప్పుడు పోగొట్టుకున్నామా అనిపించింది.

మామయ్య మాత్రం పందిట్లోకి రాలేదు. పందిరి వేయించింది ఆయనే, అయినా రాలేదు. హాలు తలుపుకు అడ్డంగా ఆ కుర్చీలోనే కూర్చున్నారు. ప్రణయ్ ఆయన భుజాల మీద పెరిగిన పిల్లవాడు. వాడు తాళి కట్టేటప్పుడు కూడా దూరం నుంచే అక్షింతలు గాలిలోకి విసిరారు. పిల్లలు ఆడుకుంటూ హాల్లోకి పరుగెత్తబోతే "నా అలక తీరకుంట లోపలికి ఎవ్వరు పోవద్దు" అని కసిరారు. భోజనం ఆయనకు అక్కడికే పంపాం. అలిగిన మనిషి రెండోసారి పప్పు అడిగి వేయించుకున్నారని వడ్డించినవాళ్ళు వచ్చి చెప్పారు.

ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ రోజంతా ఆయన నోట 'బోల్టు' అన్న మాట రాలేదు. ఆమనికిచ్చిన మాట నిలబెట్టుకున్నారు. "బోల్టు అన్నా బాగుండు, ఇంత పరువు పోకపోవు" అని ఏడ్చింది ఆమని.

ఆ తర్వాత ఆయన పేరు బంధువుల్లో 'అలక రావు' అయిపోయింది. శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్ళు "మీ మామయ్యకు పందిరి కావాల్నా, షామియానా చాలునా?" అని నన్ను అడిగేవారు. ఆమని చాలాకాలం తండ్రితో ముభావంగా ఉంది. సీతారాంరావు గారు ఎదురుపడితే నమస్కారం పెట్టి, అంతకు మించి మాట్లాడేవారు కాదు. మామయ్య వీటిని వేటినీ పట్టించుకున్నట్టు కనిపించలేదు. అత్తయ్య చల్లారుతున్నారన్న వంకతో ఆ వానాకాలమంతా తరచుగా ఖానాపూర్ బస్సెక్కేవారు.

పోయిన నెల మా కాలేజీలో చదివిన కుర్రాడి పెళ్లికి నేను మళ్ళీ గంగయ్య హాలుకు వెళ్ళాను. హాలు కిటకిటలాడుతోంది. ముందు ఖాళీ జాగలో పచ్చటి పందిరి కూడా ఉంది. ప్రణయ్ పెళ్లి చూసినవాళ్ళు అలాంటిదే కావాలని అడుగుతున్నారట. గంగయ్య నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు.

"మీ మామ సార్ ఎట్లున్నడు?"

"మోకాళ్ళ నొప్పులు. ఇల్లు కదుల్తలేడు" అన్నాను. "ఆ రోజు మా మామయ్య నిన్ను బాగ పరేషాన్ చేసిండు గంగయ్యా. ఏమనుకోకు."

గంగయ్య నా ముఖం వింతగా చూశాడు. "మీకు చెప్పలేదా సార్? ఇంట్లోళ్ళకు కూడ చెప్పలేదా?"

అప్పుడు చెప్పాడు. ఆ పొద్దున మామయ్య హాల్లోకి వచ్చి, పైకి చూసి, నిచ్చెన వేయమన్నారట. ఎక్కలేక, గంగయ్యనే ఎక్కించి ఒక బోల్టు విప్పించారట. హాలు కాలాక రేకులు మార్చినప్పుడు, విప్పిన బోల్టులు మంచిగానే కనిపిస్తున్నాయని గంగయ్యే వాటిని డీజిల్‌లో కడిగించి, వైరు బ్రష్షుతో రుద్దించి, వెండి రంగు వేయించి మళ్ళీ పెట్టించాడు.

"నట్టు చేత్తోటి తిప్పుమన్నడు సార్. తిరిగింది, తిరిగింది, ఒక్కకాడ పట్టేసింది. 'మంటల గుంజుడుకు మర సాగింది గంగయ్యా' అన్నడు. జేబులకెళ్ళి ఆకురాయి తీసి గీకితె మెత్తగ తెగింది. గట్టి బోల్టయితె గట్ల తెగొద్దట."

"పడిపోతదని చెప్పిండా?"

"'ఇయ్యాల పడ్తదని చెప్ప, పడదని చెప్ప. తెల్వనప్పుడు కింద మంది ఉండొద్దు' అన్నడు. నేను కాళ్ళు పట్టుకున్న. సార్, గీ మాట బయటపడితె ఇగ ఎవ్వరు రారు, నేను మళ్ళ మస్కట్ పోవుడే, గీ వయసుల నన్ను తీస్కునేటోడు కూడ లేడు అన్న. పైన దూలాల దిక్కు చూసుకుంట నిలబడ్డడు. అటెన్క 'మందికి ఏం కావద్దు. నీ పేరు పోవద్దు. మగపెండ్లోళ్ళ పెద్దమనిషికి అలిగే హక్కున్నది గద?' అన్నడు. ఉన్నది సార్ అన్న. 'నాకు అలుగుడు రాదు. ఎట్ల అలుగుతరు?' అని అడిగిండు."

"నువ్వేం చెప్పినవ్?"

"జనరేటర్ గది ఎన్క నిలబడి నేర్పిన సార్! ముఖం గట్ల పెడితె నవ్వినట్టున్నది, మూతి ముందుకు పెట్టుమన్న. ఎవలేమడిగినా మర్యాద జరగలే అను, ఇగ వేరే మాట మాట్లాడకు అన్న. రెండుసార్లు చేసి చూపిచ్చిండు. నాకు ఏడుపుల నవ్వొచ్చింది."

గంగయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "పిల్లలు లోపలికి ఉరుకుతరని తలుపు కాడ కూసున్నడు. తాళి కట్టేటప్పుడన్న పో సార్, నేను కూసుంట అన్న. 'నువ్వు కూసుంటె అనుమానపడ్తరు గంగయ్యా. నన్నయితె పిచ్చోడనుకుంటరు, అయిపాయె' అన్నడు. అటెన్క వానకాలమంత హాలు మూసి, సార్ దగ్గరుండి ఒక్కొక్క బోల్టు మార్పిచ్చిండు. ఇప్పుడు దాచుడెందుకు? నేనే అందరికి చెప్తున్న. మీరు తెలుగు సార్ గద, మీరు కూడ రాయుండ్రి."

ఊరంతా బోల్టు బోల్టని దండోరా వేసే మనిషి, నిజంగా చెప్పాల్సిన ఒక్క రోజున నోరు కుట్టేసుకున్నారు. ఆయన్ని అలక రావు అని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ నాకు ఏడుపు రాలేదు. జనరేటర్ గది వెనక మామయ్య మూతి ముందుకు పెట్టి ప్రాక్టీసు చేస్తున్న దృశ్యం కళ్ళముందు నిలిచి, బస్సులో ఒక్కణ్ణే నవ్వుకుంటూ కరీంనగర్ చేరాను. పక్క సీటు మనిషి కొంచెం దూరం జరిగి కూర్చున్నాడు.

ఆమనికి అంతా చెప్పాను. తను ఫోన్ తీసి, లక్సెట్టిపేటకు కలిపి స్పీకరు పెట్టింది.

"బాపూ, ఆయన గంగయ్య హాలుకు పోయొచ్చిండు. అంత చెప్పిండు."

"ఏం చెప్పిండు?"

"బోల్టుల సంగతి."

"నాకేం తెల్వది. నాకు మర్యాద జరగలే, అలిగిన. గంతే."

"గంగయ్యనే చెప్పిండు బాపూ!"

అటువైపు దగ్గు వినిపించింది. అత్తయ్య ఎవరని అడుగుతున్నారు. రాంగ్ నంబరని ఆమెకు చెప్పి, మామయ్య మెల్లగా అడిగారు.

"హాలు నడుస్తుందా బిడ్డా?"

"నిండుగ నడుస్తుంది. మాఘమాసమంత ఖాళీ లేదట."

"మంచిదాయె." ఆయన నవ్వుతున్నారని మా ఇద్దరికీ తెలుస్తూనే ఉంది. తర్వాత గొంతు గట్టి చేసుకున్నారు. "సీతారాంరావు కలిస్తె చెప్పుండ్రి. నా అలక ఇంకా తీరలేదని."